సి డ్రైవ్ నిండిపోయింది: క్లీన్ చేస్కోవాలా, పార్టిషన్ పెంచాలా, కొత్త డ్రైవ్ కొనాలా?

విండోస్‌లో ఖాళీ పది శాతం కంటే తగ్గిందంటే సి డ్రైవ్ కింద ఉండే నీలం గీత ఎర్రగా మారుతుంది, అది చూడగానే చాలామందికి తట్టేది ఒకటే, "డి డ్రైవ్ ఖాళీగానే పడుంది కదా, అందులోంచి ఓ యాభై జీబీ తీసి సికి కలిపేస్తే పోలా" అని. తప్పేం కాదు, కానీ ఉన్న నాలుగు దారుల్లో నా లెక్కలో అది మూడోది. ముందు చెత్త తియ్యడం, తర్వాత బరువైన ఫోల్డర్లని పక్క డ్రైవ్‌కి జరపడం, ఈ రెండూ సరిపోకపోతేనే పార్టిషన్ (ఒకే డిస్కుని సి, డి అని పంచిన ముక్క) సైజు ముట్టుకోవడం, మొత్తం డిస్కే నిండిపోయుంటే ఇంకో డ్రైవ్ కొనడం. ఎందుకు ఈ వరస అంటే మొదటి రెండూ చూసి చేస్తే పెద్దగా పోయేదేం ఉండదు, మూడోదాంట్లో మధ్యలో కరెంట్ పోతే డేటా మొత్తానికే ఎసరు రావచ్చు. పైగా హాల్లో గోడ అటు జరిపినంత మాత్రాన ఇల్లు పెద్దదవదు కదా, పార్టిషన్ కూడా అంతే, ఉన్నదాన్నే వేరేలా పంచుతుంది.

అసలు ఏం తింటోందో చూడకుండా ఏదీ చెయ్యొద్దు

సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో స్టోరేజ్ ఓపెన్ చేస్తే యాప్స్ ఎంత, టెంపరరీ ఫైల్స్ ఎంత, డాక్యుమెంట్స్ ఎంత అని చూపిస్తుంది. పైపైన తెలుసుకోడానికి ఇది చాలు. ఖచ్చితంగా ఏ ఫోల్డర్ అనేది కావాలంటే విజ్‌ట్రీ లేదా విన్‌డిర్‌స్టాట్ వేస్కోండి. రెండిట్లో నేను విజ్‌ట్రీ వైపే, ఎందుకంటే అది ఫోల్డర్లని ఒక్కొక్కటిగా తెరుచుకుంటూ పోకుండా ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ డ్రైవ్‌లో ఫైళ్ళని అమర్చే పద్ధతి) దగ్గరుండే ఫైళ్ళ పట్టికనే నేరుగా చదివేస్తుంది, అందుకే పెద్ద డ్రైవ్ అయినా చాలా త్వరగా తేల్చేస్తుంది.

చూశాక సాధారణంగా దొరికే దొంగలు వీళ్ళే. డౌన్‌లోడ్స్ ఫోల్డర్, చెప్పక్కర్లేదు. ఐఫోన్ వాడేవాళ్ళైతే ఫోన్ బ్యాకప్‌లు, ఇవి యూజర్ ఫోల్డర్ లోపల ఎక్కడో దాక్కుని పదుల జీబీలు తినేస్తుంటాయి, వాటి సంగతి మనకి గుర్తే ఉండదు. పెద్ద అప్‌డేట్ అయ్యాక మిగిలే విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్, ఇది పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళడానికి ఉంచేది, మామూలుగా 10 రోజుల తర్వాత దానంతటదే పోతుంది, అర్జెంట్ అయితే టెంపరరీ ఫైల్స్ లిస్ట్‌లో టిక్ పెట్టి తీసెయ్యొచ్చు. అదే లిస్ట్‌లో డౌన్‌లోడ్స్ కూడా ఒక లైన్‌గా ఉంటుంది, అన్నీ చెత్తే అనుకుని దానికీ టిక్ పెట్టేసి తర్వాత లబోదిబోమనేవాళ్ళు బోలెడుమంది, కాబట్టి చదివి టిక్ పెట్టండి.

ఇంకోటి హైబర్నేషన్ ఫైల్, అంటే హైబర్నేట్ కొట్టినప్పుడు తెరిచున్నవన్నీ అలాగే దాచుకునే ఫైల్. ర్యామ్‌లో దాదాపు 40 శాతం సైజులో సి డ్రైవ్ మీద కూర్చునుంటుంది, అంటే 16 జీబీ ర్యామ్ ఉంటే ఆరు జీబీ పైమాటే. హైబర్నేట్ ఎప్పుడూ వాడని డెస్క్‌టాప్ అయితే కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి పవర్ సీఎఫ్‌జీ కమాండ్‌తో హైబర్నేషన్ ఆపేస్తే ఆ జాగా అప్పటికప్పుడు వచ్చేస్తుంది, కాకపోతే కంప్యూటర్ త్వరగా ఆన్ అయ్యేలా చేసే ఫాస్ట్ స్టార్టప్ కూడా దాంతోపాటే పోతుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం నేనైతే కదపను.

విన్ ఎస్ఎక్స్ఎస్ అనే ఫోల్డర్ చూసి బెదిరిపోకండి. లోపల చాలా ఫైళ్ళు వేరే చోట ఉన్నవాటికే ఇంకో పేరు లాంటివి, అందుకే ఎక్స్‌ప్లోరర్ చూపించే సైజు అసలు తింటున్న దానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. చేత్తో డిలీట్ చేస్తే విండోస్ లేవకపోవచ్చు. డిస్క్ క్లీనప్‌లో విండోస్ అప్‌డేట్ క్లీనప్ అని ఉంటుంది, అది చాలు. ఇక ఒక్క క్లిక్‌తో కంప్యూటర్ స్పీడ్ పెంచేస్తాం, రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగ్స్ దాచే చోటు) క్లీన్ చేసేస్తాం అనే యాప్స్ జోలికి వెళ్ళనే వద్దు, రిజిస్ట్రీ క్లీన్ చేస్తే మిగిలే జాగా లెక్కలోకి కూడా రాదు.

క్లీన్ చేసినా చాలలేదు, డిలో మాత్రం జాగా ఉంది

ఇక్కడ ఫోల్డర్ జరపడమే బెస్ట్. ఫొటోలు, వీడియోలు, డాక్యుమెంట్స్ ఫోల్డర్ల మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, లొకేషన్ ట్యాబ్, మూవ్ బటన్. డిలో ముందే ఒక ఖాళీ ఫోల్డర్ చేస్కుని దాన్ని చూపించండి, నేరుగా డి డ్రైవ్ రూట్‌నే (ఏ ఫోల్డర్ లోపలా కాకుండా డ్రైవ్‌నే) చూపిస్తే తర్వాత దాన్ని వెనక్కి మార్చడం తలనొప్పి అయిపోతుంది. ఇలా జరిపితే యాప్స్‌కి తేడా తెలీదు, డాక్యుమెంట్స్ అంటే వాటికి డాక్యుమెంట్సే, అది ఏ డ్రైవ్‌లో ఉందనేది విండోస్ చూస్కుంటుంది. వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే మాత్రం ఈ ఫోల్డర్లు అప్పటికే వన్‌డ్రైవ్ కింద ఉంటాయి, ముందు ఆ బ్యాకప్ ఆపి అప్పుడు జరపండి. లేదంటే అసలు జరపకుండానే వన్‌డ్రైవ్ ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఫ్రీ అప్ స్పేస్ కొడితే ఫైళ్ళ పేర్లు ఇక్కడే ఉండి సరుకు మాత్రం క్లౌడ్‌లోకి పోతుంది, నెట్ లేనప్పుడు తెరుచుకోవు అనేదొక్కటే ఇబ్బంది.

గేమ్స్ ఉన్నవాళ్ళకి ఇంకా ఈజీ, స్టీమ్‌లో డి డ్రైవ్ మీద ఇంకో లైబ్రరీ పెట్టి గేమ్‌ని అక్కడికి మూవ్ కొట్టడమే. కానీ ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌ని కట్ చేసి డిలో పేస్ట్ చెయ్యడం అనే తెలివి మాత్రం వద్దు. మామూలు సాఫ్ట్‌వేర్ ఐతే అన్‌ఇన్‌స్టాల్ చేసి, మళ్ళీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు డి ఎంచుకోవడమే దారి. సెట్టింగ్స్‌లో యాప్స్ దగ్గర కనిపించే మూవ్ బటన్ ఎక్కువగా మైక్రోసాఫ్ట్ స్టోర్ యాప్స్‌కే పనిచేస్తుంది.

డి అనేది స్పిన్ అయ్యే పాత హార్డ్ డిస్క్ అయితే బరువైన గేమ్స్, ఎడిటింగ్ ప్రాజెక్టులు అక్కడ పెడితే నత్తనడకే. సినిమాలు, ఫొటోలు, ఇన్‌స్టాలర్లు అటు పంపి, రోజూ తెరిచేవి సిలోనే ఉంచండి.

సరే, పార్టిషన్ పెంచక తప్పదు అనుకుంటే

అసలు జనం చిక్కుకునేది ఇక్కడే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తా. స్టార్ట్ మీద రైట్ క్లిక్ చేస్తే డిస్క్ మేనేజ్‌మెంట్ వస్తుంది, అందులో డి మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ కొడతారు, ఓ యాభై జీబీ నల్ల గీతతో అన్ఎలొకేటెడ్‌గా (ఏ డ్రైవ్‌కీ చెందని జాగాగా) బయటికి వస్తుంది, భలే అనుకుని సి మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ మసగ్గా ఉంటుంది, క్లిక్ కాదు. ఎందుకంటే డిని కుదిస్తే జాగా డికి కుడి చివర ఖాళీ అవుతుంది, సికేమో తన పక్కనే ఆనుకుని కుడివైపు ఖాళీ కావాలి, మధ్యలో డి అడ్డంగా కూర్చునుంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌కి పార్టిషన్ని పక్కకి జరిపే శక్తి లేదు, పెంచడం తగ్గించడం మాత్రమే వచ్చు.

ఇప్పుడు మీ ముందు రెండు దారులు. ఒకటి, డిలో ఉన్నదంతా ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కి కాపీ చేసి, డిని డిలీట్ చేసి, సిని కావాల్సినంత పెంచి, మిగిలిన దాంట్లో మళ్ళీ డి చేస్కుని డేటా తిరిగి పోసుకోవడం. టైమ్ పడుతుంది కానీ ఏ దశలో ఏది ఆగినా డేటా ఇంకో చోట భద్రంగా ఉంటుంది. రెండోది, పార్టిషన్ని జరిపే టూల్స్. మినీటూల్, ఈజియస్, ఏఓఎంఈఐ లాంటివి విండోస్ లోపల నడుస్తాయి, జీపార్టెడ్ లైవ్ అనేది పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయ్యేది, ఉచితం. ఇవి డిలో ఉన్న డేటా మొత్తాన్ని బ్లాక్ తర్వాత బ్లాక్ కుడివైపుకి మోసుకెళ్తాయి, పెద్ద హార్డ్ డిస్క్ ఐతే గంటలు పడుతుంది, ఆ మధ్యలో పవర్ పోయిందా, సగం ఇక్కడ సగం అక్కడ. నా ఓటు మొదటి దారికే, ఎలాగూ రెండో దారిలో వెళ్ళేవాళ్ళు కూడా ముందు బ్యాకప్ తీస్కోవాలి, బ్యాకప్ ఎలాగూ తీశాక ఇంక మోత ఎందుకు, డిలీట్ చేసి మళ్ళీ చెయ్యడమే సుఖం కదా. డిలో ప్రోగ్రామ్స్ చాలా ఇన్‌స్టాల్ అయ్యుండి అది కుదరదు అనుకున్నవాళ్ళకి మాత్రం టూల్, అదీ ల్యాప్‌టాప్ ఛార్జింగ్‌లో పెట్టి లేదా యూపీఎస్ ఉన్న డెస్క్‌టాప్‌లో.

కొన్నిసార్లు డిని డిలీట్ చేసినా కూడా ఎక్స్‌టెండ్ వెలగదు. కారణాలు సాధారణంగా రెండు. సికి డికి మధ్యలో ఓ వెయ్యి ఎంబీ లోపు రికవరీ పార్టిషన్ (విండోస్ పాడైతే బాగుచేసే టూల్స్ ఉండేది) దూరి ఉండొచ్చు, చిన్నదే కానీ అడ్డం అడ్డమే. దీన్ని తీసెయ్యడానికి రీఏజెంట్‌సీ కమాండ్‌తో రికవరీని ముందు డిసేబుల్ చేసి, తర్వాత డిస్క్‌పార్ట్ అనే ఇంకో కమాండ్‌తో తియ్యాలి, సి పెంచాక చివర్లో మళ్ళీ రికవరీకి జాగా ఇచ్చి ఎనేబుల్ చేస్కోవాలి. కమాండ్స్ అలవాటు లేనివాళ్ళకి ఇక్కడ జీపార్టెడే నయం, ఆ చిన్న పార్టిషన్ని కుడి చివరకి జరిపేస్తే సరి, చిన్నది కాబట్టి గంటలూ పట్టదు. రెండో కారణం పాత ఎంబీఆర్ (పార్టిషన్ల లెక్క రాసుకునే పాత పద్ధతి) డిస్కుల్లో వస్తుంది, అక్కడ డి అనేది ఎక్స్‌టెండెడ్ అనే పెద్ద పార్టిషన్ లోపలి ముక్క, అంటే లాజికల్ డ్రైవ్ అయ్యుంటుంది, డిలీట్ చేస్తే నల్లగా అన్ఎలొకేటెడ్ కాకుండా లేత పచ్చరంగులో ఫ్రీ స్పేస్ అని వస్తుంది. ఆ పచ్చదాన్ని కూడా ఇంకోసారి డిలీట్ కొడితేనే నల్లగా మారి సికి పనికొస్తుంది.

మరి సినే కుదించి డి చేద్దామనుకునేవాళ్ళకి ఇంకో చిక్కు. సిలో 300 జీబీ ఖాళీ కనిపిస్తున్నా ష్రింక్‌లో 40 జీబీ మాత్రమే వస్తుందని చూపిస్తుంది. పేజ్ ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ వాడేది), హైబర్నేషన్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు, ఫైళ్ళ పట్టిక, ఇవి విండోస్ నడుస్తున్నప్పుడు కదలవు, వీటిలో ఏదో ఒకటి పార్టిషన్ చివర్లో ఇరుక్కుని ఉంటే అక్కడిదాకే కుదించగలదు. హైబర్నేషన్, సిస్టమ్ ప్రొటెక్షన్ (రిస్టోర్ పాయింట్లు చేసేది), పేజ్ ఫైల్ తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్ళీ ట్రై చేస్తే చాలాసార్లు ఎక్కువ వస్తుంది, పని అవ్వగానే మూడూ మళ్ళీ ఆన్ చేస్కోండి.

బిట్‌లాకర్, అంటే డిస్కుకి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్, దాని సంగతి మర్చిపోవద్దు. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మీకు చెప్పకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయ్యుంటుంది. పార్టిషన్లు, బూట్ సెట్టింగ్స్ కదిపాక ఒక్కోసారి నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది, అది మామూలుగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో సేవ్ అయ్యుంటుంది కానీ ఆ టైమ్‌లో పాస్‌వర్డ్ గుర్తురాక కొట్టుకోవడం ఎందుకు, ముందే లాగిన్ అయ్యి కీ ఉందో లేదో చూసి కాగితం మీద రాస్కోండి. బయటి టూల్ లేదా జీపార్టెడ్ వాడేట్టైతే బిట్‌లాకర్‌ని తాత్కాలికంగా ఆపే సస్పెండ్ చాలదు, ఎన్‌క్రిప్షన్ పూర్తిగా తీసేశాకే మొదలుపెట్టండి.

కొత్త కంప్యూటర్: ఒకటే సి ఉంచాలా, సి డి రెండూ చెయ్యాలా

డిస్కుని ముక్కలు చేసే అలవాటు పాతకాలంలో అవసరం కొద్దీ వచ్చింది. ఫ్యాట్ 16 అనే పాత ఫార్మాట్ రోజుల్లో విండోస్ 95లో ఒక పార్టిషన్ 2 జీబీ దాటేది కాదు, అంతకంటే పెద్ద డిస్క్ ఉంటే ముక్కలు చెయ్యక తప్పేది కాదు. తర్వాత హార్డ్ డిస్కుల్లో బయటి అంచు వైపు వేగం ఎక్కువ కాబట్టి విండోస్‌ని మొదటి ముక్కలో పెడితే కొంచెం చురుగ్గా ఉండేది. ఎస్ఎస్‌డీలో ఇవేవీ లేవు, డేటా ఏ చిప్ మీద కూర్చోవాలనేది లోపలి కంట్రోలర్ చూస్కుంటుంది, పార్టిషన్ గీతలతో దానికి పనిలేదు.

కాబట్టి 256 జీబీ ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంటే ముక్కలు చెయ్యకండి. అది విండోస్‌లో 238 జీబీగానే కనిపిస్తుంది (కంపెనీ వెయ్యితో భాగిస్తే విండోస్ 1024తో భాగిస్తుంది, మోసమేం కాదు, 1 టీబీ డిస్క్ 931గా కనిపించేదీ ఇందుకే), అందులో సికి వంద ఇచ్చి మిగతాది డికి ఇచ్చారనుకోండి, కొన్నాళ్ళకే సి ఎర్రబడి పైన చెప్పిన గొడవంతా మొదలవుతుంది. 512 అయినా నేను ఒకటే ఉంచుతా. 1 టీబీ ఆ పైన ఉండి, విండోస్‌ని తరచూ ఫార్మాట్ చేసి మళ్ళీ వేస్కునే అలవాటు ఉన్నవాళ్ళకి మాత్రం వేరే డి వల్ల లాభం ఉంది, సి ఒక్కటే తుడిచేసి డిని ముట్టుకోకుండా వదిలెయ్యొచ్చు. అప్పుడు సికి కనీసం 200 నుంచి 250 జీబీ ఇవ్వండి, పీనాసితనం వద్దు. రిసెట్ దిస్ పీసీలో కీప్ మై ఫైల్స్ ఆప్షన్ వచ్చాక ఈ లాభం కూడా పాతరోజులంత పెద్దదేం కాదనుకోండి.

డిలో పెట్టాం కాబట్టి బ్యాకప్ ఉన్నట్టే అనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. రెండూ ఒకే డిస్క్ మీద ఉన్నాయి, డిస్క్ పోతే రెండూ పోతాయి, ఫైళ్ళకి తాళం వేసి డబ్బడిగే రాన్సమ్‌వేర్ వచ్చినా రెండిట్నీ లాక్ చేస్తుంది.

లైనక్స్ కూడా పక్కన వేస్కునేవాళ్ళు సిని విండోస్ నుంచే కుదించి ఆ జాగాని ఖాళీగా వదిలెయ్యండి, లైనక్స్ ఇన్‌స్టాలర్ తనకి కావాల్సినట్టు చేస్కుంటుంది, ఫాస్ట్ స్టార్టప్ మాత్రం ఆపండి. మ్యాక్ వాళ్ళకి ఈ తలనొప్పే లేదు, 2017లో హై సియెర్రాతో వచ్చిన ఏపీఎఫ్ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లో వాల్యూమ్స్ అన్నీ ఒకే కంటైనర్‌లో ఉన్న జాగాని పంచుకుంటాయి, ముందే సైజు కట్టాల్సిన పనిలేదు.

ఇంకో డ్రైవ్ కొనడమే నయం ఎప్పుడు

సి, డి రెండూ నిండిపోతే ఎన్ని గీతలు జరిపినా లాభం లేదు. ఎస్ఎస్‌డీ నిండా కుక్కినప్పుడు రాసే వేగం పడిపోతుంది కూడా, పది పదిహేను శాతం ఎప్పుడూ ఖాళీగా వదలాలి.

ఏది కొనాలన్న దగ్గర, విండోస్, యాప్స్, గేమ్స్ కోసమైతే ఎస్ఎస్‌డీనే, వేరే మాట లేదు. హార్డ్ డిస్క్ సెకనుకి 100 నుంచి 200 ఎంబీ చదివితే పాత రకం కనెక్షన్ అయిన సాటా ఎస్ఎస్‌డీ 550 దాకా, కొత్త రకం ఎన్‌వీఎంఈ జెన్ 3 దాదాపు 3500, జెన్ 4 ఏడు వేల దాకా వెళ్తాయి. కానీ జెన్ 3కి జెన్ 4కి రోజువారీ వాడకంలో తేడా కంటికి ఆనదు, ఆ డబ్బుతో సైజు పెద్దది తీస్కోండి. కొనేముందు మదర్‌బోర్డ్ మాన్యువల్ చూడండి, ఎం డాట్ 2 (చిన్న ఎస్ఎస్‌డీ గుచ్చే) స్లాట్ అన్నంత మాత్రాన ఎన్‌వీఎంఈ పడుతుందని కాదు, కొన్ని పాత స్లాట్లు సాటా రకమే తీస్కుంటాయి. సినిమాలు, పెళ్ళి వీడియోలు, బ్యాకప్‌లు దాచడానికి మాత్రం హార్డ్ డిస్కే చవక.

రెండో స్లాట్ ఖాళీగా ఉంటే పాతదాన్ని అలాగే ఉంచి కొత్తది జోడించడం అన్నిటికంటే ఈజీ. స్లాట్ ఒకటే ఉంటే క్లోన్ చెయ్యాలి, అంటే పాత డిస్కుని ఉన్నదున్నట్టు కొత్తదానికి కాపీ కొట్టాలి, దానికి క్లోనెజిల్లా లాంటివి ఉన్నాయి. క్లోన్ అయ్యాక పెద్ద ఎస్ఎస్‌డీలో మిగిలిన జాగా చివర్లో, అదే రికవరీ పార్టిషన్ అవతల, అన్ఎలొకేటెడ్‌గా తేలుతుంది, మళ్ళీ ఎక్స్‌టెండ్ మసగ్గానే ఉంటుంది. అందుకే క్లోన్ చేసేటప్పుడే పార్టిషన్లని డిస్క్ సైజుకి తగ్గట్టు సాగదీసే ఆప్షన్ ఉన్న టూల్ ఎంచుకుంటే ఆ బాధ తప్పుతుంది.

కొత్త డిస్క్ పెట్టగానే పాత పద్ధతి ఎంబీఆర్ కావాలా కొత్త పద్ధతి జీపీటీ కావాలా అని అడుగుతుంది, కళ్ళు మూస్కుని జీపీటీ. ఎంబీఆర్ 2 టీబీ దాటి వాడుకోలేదు, ప్రైమరీ పార్టిషన్లు నాలుగే. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది, విండోస్ 11కేమో యూఈఎఫ్ఐ (పాత బయోస్ బదులు వచ్చిన బూట్ పద్ధతి) కావాలి, అంటే బూట్ డిస్క్ జీపీటీ అవ్వాల్సిందే. పాత విండోస్ డిస్కుని డేటా పోకుండా మార్చడానికి ఎంబీఆర్ టు జీపీటీ అనే కమాండ్ విండోస్‌లోనే ఉంది, ప్రైమరీ పార్టిషన్లు మూడు దాటకూడదు, లాజికల్ డ్రైవ్‌లు ఉండకూడదు, అయ్యాక బయోస్‌లో బూట్ మోడ్‌ని యూఈఎఫ్ఐకి మార్చాలి.

ఎక్స్‌టర్నల్ డ్రైవ్ ఫార్మాట్ విషయానికొస్తే, విండోస్‌లో మాత్రమే వాడేదైతే ఎన్‌టీఎఫ్ఎస్, అది మధ్యలో కేబుల్ పీకినా కొంచెం తట్టుకుంటుంది. మ్యాక్‌తో కూడా పంచుకునేదైతే ఎక్స్‌ఫ్యాట్, ఎందుకంటే మ్యాక్ ఎన్‌టీఎఫ్ఎస్‌ని చదువుతుంది గానీ మామూలుగా దాని మీద రాయలేదు. ఫ్యాట్ 32లో ఒక్కో ఫైల్ 4 జీబీ దాటకూడదు కాబట్టి పాత టీవీ, కార్ స్టీరియో లాంటివి ఇంకేదీ చదవనప్పుడు మాత్రమే. ఎక్స్‌ఫ్యాట్ పెట్టిన డ్రైవ్‌ని సేఫ్లీ రిమూవ్ కొట్టకుండా లాగకండి, రాస్తూ ఉండగా పీకితే ఫోల్డర్లకి ఫోల్డర్లే గల్లంతవ్వచ్చు.